మేస్త్రి తిట్టినవాళ్లు

నేను పనికిరానివాణ్ణని మా లాండ్రీకి తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది. అది కూడా మనుషులెవరూ కనిపెట్టలేదు. పెట్టె కనిపెట్టింది.

పెట్టె అంటే నిజానికి పెట్టె కాదు. పై అంతస్తులో కంప్యూటర్ల లోపల ఉండే కృత్రిమ మేధ. ఎవర్ని ఉంచాలో, ఎవర్ని పంపాలో, ఎవరిని పైమెట్టు ఎక్కించాలో అదే చెబుతుంది. పైవాళ్లు దానికేదో ముద్దుపేరు పెట్టుకున్నారు. కింద పనిచేసేవాళ్లం మాత్రం పెట్టె అనే అంటాం. తాళం వేసి ఉంటుంది, లోపల ఏముందో ఎవరికీ తెలీదు, అందరూ దానికేసి చూసి భయపడతారు. పెట్టె కాకపోతే ఏంటి అది?

మాది ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు ఉతికే లాండ్రీ. మురికి బట్టలు వెనక తలుపులోంచి బండ్ల మీద వస్తాయి, మడతలు పెట్టుకుని ముందు తలుపులోంచి పోతాయి. మధ్యలో హాలు పొడవునా ఉతికే మెషీన్లు, ఆరబెట్టే మెషీన్లు, ఆ చివర ఇస్త్రీ రోలర్లు. ఆవిరికి కళ్లు మండుతుంటాయి, చప్పుడుకి చెవులు మూసుకుపోతాయి. ఇవేవీ ఆగకుండా చూడాల్సినవాణ్ణి నేను. ఫిట్టర్‌ని. చదువు అయిదో తరగతిలోనే నన్ను వదిలించుకుంది. మెషీన్లు మాత్రం వదల్లేదు.

ఆ రోజు రోలర్ కింద వెల్లకిలా పడుకుని బెల్టు మారుస్తుంటే జేబులో ఫోను వణికింది. పని అయ్యాక బయటికొచ్చి, చేతులు తుడుచుకుని చూశాను. ఇన్నాళ్ల నా సేవలకు కృతజ్ఞతలట. నైతిక ప్రమాణాలు పాటించే కృత్రిమ మేధ నా పనితీరుని ఏ పక్షపాతమూ లేకుండా పరిశీలించిందట. నా ఉద్యోగం ఈ నెలాఖరుతో ముగించమని సూచించిందట. అభ్యంతరం ఉంటే ఒక మనిషిని కలవవచ్చట.

మనిషిని కలవవచ్చు అని ప్రత్యేకంగా రాశారంటే, ఇన్నాళ్లూ పైన ఎవరుండేవాళ్లో మరి.

తలెత్తి చూస్తే మరకల బల్ల దగ్గర మరకలమ్మ కూడా ఫోను చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ అసలు పేరు ఆవిడ పిల్లలకైనా గుర్తుందో లేదో. నెత్తురు, మందులు, సిరా, ఏ మరకైనా ఆ బల్ల మీదకే వస్తుంది. ఆవిడ చెయ్యి పడితే పోతుంది.

"ఫిట్టరూ, నీకూ వచ్చిందా?" అంది.

"వచ్చింది."

"నాకు చత్వారం. ఏం రాశారో చదివిపెట్టు."

చదివాను. ఆవిడ అంతా విని, "మరీ ఇంత మర్యాదగా పొమ్మంటున్నారేంటి, ఏదో తేడాగా ఉంది" అంది.

తేడా ఎక్కడుందో నాకు అప్పటికే అర్థమైంది. అది హాలు చివర, గాజు గదిలో, ఈలతాడు మెడకి వేసుకుని కూర్చుని ఉంది. మా మేస్త్రి. నా భార్యకి తమ్ముడు. నాకంటే చిన్నవాడు, నాకంటే అయిదారు తరగతులు ఎక్కువ వెలగబెట్టాడు కాబట్టి నా మీద మేస్త్రి అయ్యాడు.

ఇక్కడ మా ఊరి లాండ్రీ మేస్త్రీల ఆచారం ఒకటి చెప్పాలి. పైవాళ్లు అప్పుడప్పుడు మేస్త్రీలకి ఫోను చేసి, మీ దగ్గర ఎవరెలా పనిచేస్తున్నారని అడుగుతారు. అడిగేది మన బాగు కోసం కాదు. ఎవరైనా బాగా చేస్తున్నాడని చెప్పారంటే, మర్నాడే వాణ్ణి ఇంకో ఊళ్లో కొత్తగా తెరిచిన లాండ్రీకో, లేకపోతే పై అంతస్తుకో లాక్కుపోతారు. మంచి పనివాడు పోతే మేస్త్రి పీకల మీదకొస్తుంది. అందుకని ఏ మేస్త్రీ తన మంచి పనివాళ్లని పొగడడు. తిడతాడు. బద్ధకస్తుడు, మొండివాడు, ఇంకెక్కడా పనికిరాడు, ఏదో నేను కాబట్టి నెట్టుకొస్తున్నానని చెబుతాడు. ఎవడు పీడగా ఉన్నాడో, ఎవర్ని వదిలించుకుంటే హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చో, వాణ్ణి ఆకాశానికెత్తేస్తాడు. వాణ్ణి పైవాళ్లు ఎత్తుకుపోతారు.

ఇదేమీ రహస్యం కాదు. కింద ప్రతివాడికీ తెలుసు. మేస్త్రి నిన్ను తిట్టాడంటే నీ నౌకరీకి ఢోకా లేదని లెక్క. పొగిడాడని తెలిస్తే మాత్రం, పాపం వీడి పని అయిపోయిందని జాలిపడేవాళ్లం. మరకలమ్మని మా మేస్త్రి ఎంతలా తిట్టేవాడంటే, విన్నవాళ్లకి ఆవిడ దుప్పట్లకి నిప్పు పెడుతోందేమో అనిపించేది. ఆవిడ అది విని మురిసిపోయేది.

పెట్టెని కొన్నప్పుడు దానికి ఏదో ఒకటి నేర్పాలి కదా. ఏళ్ల తరబడి ఫోన్లలో రికార్డయిన మేస్త్రీల మాటలన్నీ తెచ్చి దాని నోట్లో పోశారు. అది బుద్ధిగా నేర్చుకుంది. అంతే జరిగింది.

నేను గాజు గదిలోకి వెళ్లి ఫోను మా మేస్త్రి ముందు పెట్టాను. వాడు చదివి, మెడలో ఈలతాడు తీసి బల్ల మీద పెట్టాడు.

"బావా, నేను నిన్ను కాపాడుకుందామనే కదా అలా చెప్పింది."

"బాగానే కాపాడావ్. ఏమని చెప్పావేంటి?"

"మామూలే."

"మామూలు అంటే?"

"మెషీన్ కింద పడుకుని నిద్రపోతాడని. చెప్పిన మాట వినడని. మనుషులతో కుదరదని."

"చివరిది నిజమే కదరా. దాన్ని కూడా అబద్ధాల్లో కలిపేశావ్."

వాడు నవ్వబోయి ఆగిపోయాడు.

సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర నా భార్య మొదట తమ్ముడి పక్షమే తీసుకుంది. అది ఆమెకి పుట్టుకతో వచ్చిన జబ్బు.

"వాడేదో నీ మంచికే చెప్పి ఉంటాడు. నువ్వు ఎక్కడో వాగి ఉంటావ్" అంది.

"నేను నిద్రపోతానని చెప్పాడు నీ తమ్ముడు."

"నిద్రపోవా ఏంటి?"

"డ్యూటీలోనా?"

ఆమె గరిటెతో కూర కలిపింది. నేను ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో అప్పుడు తట్టినట్టుంది. ఈ వయసులో, ఈ చదువుతో, నన్ను ఎవరు పెట్టుకుంటారు? పైగా రోజంతా నన్ను ఇంట్లో భరించాలి. గరిటె పక్కన పెట్టి తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, రేపు నువ్వు కూడా పైకి వెళ్లి, నువ్వు చెప్పిందంతా అబద్ధమని చెప్పు. చెప్పకపోతే మా ఇంటి గడప తొక్కకు." అవతల వాడేదో గొణిగాడు. "నీ ఉద్యోగం పోతే పోనీ. ఇద్దరూ కలిసి కూర్చుని ఒకణ్ణొకడు తిట్టుకోండి."

మర్నాడు ముగ్గురం పైకెళ్లాం. మరకలమ్మని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. ఒకరి తర్వాత ఒకరట.

పై అంతస్తులో ఆవిరి ఉండదు. మెత్తటి తివాచీ, మూలన ఒక కుండీలో ప్లాస్టిక్ మొక్క. దాని ఆకుల మీద దుమ్ము. ఆ గదిలో కూర్చునేవాడి హోదా ఏంటంటే, కృత్రిమ మేధ నైతిక వినియోగ అధికారి. ఊపిరి బిగబట్టి చెప్పాలి. మేం నీతిబాబు అంటాం. పెట్టె ఎవరికీ అన్యాయం చెయ్యకుండా కాపలా కాయడం ఆయన పని. పెట్టె పొమ్మన్నవాళ్లకి, పెట్టె ఎందుకు పొమ్మందో మంచి గొంతుతో చెప్పడం కూడా ఆయన పనే. ఆ రెండో పనే ఎక్కువ చేస్తాడు.

"రండి, కూర్చోండి. భయపడకండి. మా విధానంలో చివరి మాట యంత్రానిది కాదు, మనిషిదే" అన్నాడు.

"ఆ మనిషి మీరేనా సార్?" అన్నాను.

"నేనే."

నాకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

ఆయన తెర మీద చూసి చదవడం మొదలుపెట్టాడు. శ్రద్ధ తక్కువ. విధేయత తక్కువ. బృందంతో కలవడు. ఎదిగే అవకాశం లేదు. చదువుతూ చదువుతూ నాకేసి జాలిగా చూశాడు. తర్వాత మా మేస్త్రి వైపు తిరిగి, "మీ నిజాయితీని ఇక్కడ మెచ్చుకోవాలి. సాధారణంగా బంధువుల గురించి జనం మంచిగా చెబుతారు. మీరు సొంత బావని కూడా వదల్లేదు. అందుకే యంత్రం మీ మాటకి ఎక్కువ విలువిచ్చింది" అన్నాడు.

మా మేస్త్రి కుర్చీలో కుంచించుకుపోయాడు. నేను వాడి కాలు తొక్కాను.

"సార్, అదంతా అబద్ధం" అన్నాడు వాడు.

"ఏది అబద్ధం?"

"నేను చెప్పిందంతా. మా బావ పనిలో గట్టివాడు. ఆ బయట కూర్చున్న మరకలమ్మ కూడా. వాళ్లిద్దరూ లేకపోతే నా హాలు నడవదు."

"మరి అలా ఎందుకు చెప్పారు?"

"పొగిడితే తీసుకుపోతారు సార్."

"ఎవరు?"

"మీరే. పైవాళ్లు."

నీతిబాబు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయనకి ఇది కొత్త సంగతి. చిక్కు లెక్క దొరికిన కుర్రాడిలా కాస్త ఉత్సాహం కూడా వచ్చింది. "అంటే మంచి పనివాళ్లని చెడ్డవాళ్లని చెప్పారు. అర్థమైంది. మరి నిజంగా చెడ్డవాళ్ల గురించి ఏం చెప్పేవారు?" అన్నాడు.

మా మేస్త్రి తివాచీకేసి చూశాడు. నేను ప్లాస్టిక్ మొక్కకేసి చూశాను.

"చెప్పండి, ఫరవాలేదు."

"పొగిడేవాళ్లం సార్."

"ఎందుకు?"

"తీసుకుపోతారని."

నీతిబాబు పై అంతస్తుకి రాకముందు మా హాల్లోనే తువ్వాళ్లు మడతపెట్టేవాడు. మడతపెట్టేవాడు అనడం మర్యాద కోసం. ఒక్క తువ్వాలు చేతిలో పట్టుకుని, మడత ఎలా ఉండాలో పక్కవాళ్లకి పాఠం చెబుతూ ఉండేవాడు. పక్కవాళ్లు పాఠం వింటుంటే గుట్ట పెరిగేది. గుట్ట పెరిగితే రోలర్లు ఆగేవి. రోలర్లు ఆగితే అందరూ నా మీద అరిచేవాళ్లు. ఆ రోజుల్లో మా మేస్త్రి ఫోనులో మాట్లాడటం నా చెవులారా విన్నాను. ఈ కుర్రాడిలో నాయకత్వ లక్షణాలున్నాయి, నీతి నిజాయితీలున్నాయి, మా దగ్గర వృథా అయిపోతున్నాడు సార్, అన్నాడు. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ వాడి నోట అంత తియ్యటి మాటలు నేను వినలేదు.

"నన్ను కూడా మీరే సిఫారసు చేశారు" అన్నాడు నీతిబాబు నెమ్మదిగా.

"చేశాను సార్."

"నా గురించి చాలా బాగా చెప్పారని, ఇక్కడ అందరూ..." ఆయన ఆగాడు. కోటు గుండీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "ఈ సంగతి ఇంకా ఎవరికి తెలుసు?"

"కింద అందరికీ తెలుసు సార్."

"పైన?"

"పైన ఎవరికీ తెలీదు సార్. తెలిసేలాంటివాళ్లని మేం పైకి పంపం కదా."

వాడు ఆ మాట ఎగతాళికి అనలేదు. అడిగినదానికి బుద్ధిగా జవాబు చెప్పాడు. అందుకే అది అంత లోతుగా దిగింది. నీతిబాబు ముఖం చూస్తే ఒక్క క్షణం నాక్కూడా జాలేసింది. అంతకంటే ఎక్కువసేపు వెయ్యలేదు.

ఆయన లేచి తలుపు సరిగ్గా మూసి ఉందో లేదో చూసి వచ్చాడు. కూర్చునేసరికి పాత గొంతు తిరిగొచ్చేసింది.

"మీ అభ్యంతరంలో బలం ఉంది. సమీక్ష మీకు అనుకూలంగా ముగిస్తున్నాను. మీ ఉద్యోగం మీకే ఉంటుంది. అయితే ఈ పొగడ్తల గొడవ, తిట్ల గొడవ ఎక్కడా రాయనక్కర్లేదు. యంత్రం చిన్న పొరపాటు చేసింది, మనిషి సరిదిద్దాడు. అంతే. తెర పక్కన నిలబడి మీరు ఒక ఫొటో దిగాలి. అన్ని శాఖల గోడల మీదా పెడతాం. నైతికత అంటే ఏంటో అందరికీ తెలుస్తుంది."

మా మేస్త్రి గట్టిగా ఊపిరి వదిలాడు. నా కాలు తొక్కడం ఇప్పుడు వాడి వంతయింది. ఒప్పుకో అని.

"మరి మరకలమ్మ?" అన్నాను.

"ఆవిడ సంగతి వేరు."

"ఏం వేరు? ఇద్దర్నీ తిట్టిన నోరు ఒకటే. నమ్మిన పెట్టె ఒకటే."

నీతిబాబు చేతులు రెండూ బల్ల మీద జోడించి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "ఒకర్ని సరిచేస్తే మా సమీక్ష పనిచేస్తోందని అర్థం. ఇద్దర్ని సరిచేస్తే యంత్రం పనిచెయ్యట్లేదని అర్థం. అర్థం చేసుకోండి."

నాకు బాగా అర్థమైంది. అంత సూటిగా ఆయన జీవితంలో ఇంకోసారి మాట్లాడి ఉండడు.

ఫొటోలు తీసే అమ్మాయిని పిలిచారు. నన్ను తెర పక్కన నిలబెట్టి, నా చొక్కా మీద గ్రీజు మరక కనపడకుండా కొంచెం పక్కకి తిప్పింది. తెర మీద ఒక మనిషి చెయ్యి, ఒక ఇనుప చెయ్యి కలుపుకుంటున్న బొమ్మ.

"కొంచెం నవ్వండి అంకుల్" అంది.

"నాకు రాదమ్మా. దాన్ని నవ్వమను."

"కొంచెం చాలు."

గాజు తలుపులోంచి బెంచీ మీద మరకలమ్మ కనపడుతోంది. సంచి ఒళ్లో పెట్టుకుని, నా చొక్కా మీద మరకకేసే చూస్తోంది. అలవాటు.

"ఆవిడ వచ్చి పక్కన నిలబడితే నవ్వుతాను" అన్నాను.

"అది కుదరదని చెప్పాను కదా" అన్నాడు నీతిబాబు.

"అయితే ఇదీ కుదరదు."

నేనేదో దయగలవాణ్ణని అనుకోకండి. మరకలమ్మకీ నాకూ రోజూ గొడవే. మెషీన్ల దగ్గర ఆవిడ సబ్బునీళ్లు ఒలికిస్తుంది, నేను జారిపడతాను. కానీ నన్ను వెధవని చేసింది చాలక, వెధవని చేసినందుకు పళ్లికిలించమంటే కడుపు మండింది. ఉద్యోగం ఇస్తే ఇవ్వాలి, పొమ్మంటే పొమ్మనాలి. నా మొహాన్ని గోడకి కొట్టి, దానికింద నీతి అని రాసుకుంటామంటే ఎలా? తర్వాత తెలిసింది, ఆ ఫొటోలో నీతిబాబే నిలబడ్డాడట. బాగా నవ్వాడట.

ఇంటికెళ్లి, ఫొటో వద్దన్నందుకు ఉద్యోగం పోయిందని చెప్పేసరికి నా భార్య నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

"ఫొటో దిగితే నీ సొమ్మేం పోయిందయ్యా? మన పెళ్లిలో కూడా నవ్వలేదు, అప్పుడెవరైనా నిన్ను వెళ్లగొట్టారా?"

"మరకలమ్మని..."

"మరకలమ్మ మీద ప్రేమ ఇప్పుడు పుట్టుకొచ్చిందా?" అని, మళ్లీ తనే, "ఆవిడకి మాత్రం ఎవరున్నార్లే" అంది. కంచం మాత్రం విసురుగానే పెట్టింది.

ఊరి చివర ఇంకో లాండ్రీ ఉంది. మాదానికంటే చిన్నది, పాతది. పెట్టెలూ తివాచీలూ లేవు. నెలాఖరున అక్కడికే వెళ్లాను. అక్కడి ముసలి మేస్త్రి నన్ను ఒక మెషీన్ దగ్గర నిలబెట్టి, నాలుగు ప్రశ్నలు అడిగి, తల ఊపాడు. "మీ మేస్త్రితో ఒక్క మాట మాట్లాడతాను" అని నా ముందే ఫోను చేసి, స్పీకర్ పెట్టాడు. ఆయనకి చెవుడు.

మా మేస్త్రికి ఇన్నేళ్లూ నా గురించి చెప్పిన అబద్ధాలు గుండెలో ముల్లులా గుచ్చుకుంటూ ఉండి ఉంటాయి. ఫోనులో కూడా ఒక్కసారైనా నా గురించి నిజం చెప్పాలనుకున్నట్టున్నాడు.

"బంగారం లాంటి మనిషండి. అలాంటి ఫిట్టర్ దొరకడు. ఎంత నమ్మకం, ఎంత ఓపిక. మీరు అదృష్టవంతులు" అన్నాడు.

ముసలి మేస్త్రి ముఖం వాడిపోయింది. ఫోను పెట్టేసి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఏం చేశావయ్యా నువ్వు? సొంత మేస్త్రే ఇంతలా వదిలించుకోవాలని చూస్తున్నాడు" అన్నాడు. "రెండు రోజులాగి చూద్దాంలే."

రెండు రోజులాగి చూద్దాం అంటే ఏంటో నాకు తెలుసు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. నా భార్య ఫోను తీసి తమ్ముణ్ణి రమ్మంది. వాడు చెప్పులు విడవకముందే అందుకుంది.

"పొగిడావా?"

"నిజం చెప్పానక్కా."

"నిజం చెప్పడానికి నీకు ఇదా సమయం? ఇన్నేళ్లు మేస్త్రివి, ఒక మనిషికి ఉద్యోగం ఎలా ఇప్పించాలో తెలీదా? ఇప్పుడే ఫోను చెయ్యి. నా ముందు చెయ్యి."

వాడు కుర్చీ లాక్కుని కూర్చుని, ముసలి మేస్త్రికి ఫోను కలిపి స్పీకర్ పెట్టాడు.

"అయ్యా, పొద్దున బంధువు కదాని మొహమాటానికి నాలుగు మంచి మాటలు చెప్పాను. మనసొప్పక మళ్లీ చేస్తున్నా. ఆ మనిషితో వేగలేం. ఒట్టి మొండిఘటం. మెషీన్ ఆపి పని చెయ్యమంటే చెయ్యడు, చేస్తున్నది ఆపమంటే ఆపడు." మొదట తడబడ్డాడు గానీ, పోను పోను నోరు పాత దారిలో పడింది. "ఎదురు చెబుతాడు. పైవాళ్లంటే లెక్క లేదు."

"గురక కూడా చెప్పరా" అంది నా భార్య గోడకానుకుని. ఇన్నాళ్లకి ఆమె ముఖంలో కళ కనపడింది.

"నిద్రపోతే గురక. ఎవరితోనూ పొసగదు. మీకెందుకొచ్చిన తలనొప్పి, తిప్పి పంపించెయ్యండి. ఏదో నా ఖర్మ అనుకుని నేనే మళ్లీ పెట్టుకుంటాను."

అవతల ముసలాయన దగ్గుతూ నవ్వడం మా అందరికీ వినపడింది.

"నువ్వేం పెట్టుకోనక్కర్లేదు. రేపు పొద్దున్నే పంపు. రేపే పంపాలి, తెలిసిందా? మీ దగ్గర ఇలాంటి దరిద్రులు ఇంకెవరైనా ఉన్నారా?"

మా మేస్త్రి ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి నాకేసి చూశాడు.

"బావా, మరకలమ్మ గురించి ఏం చెప్పను?"

"నన్ను తిట్టినదానికంటే ఘోరంగా తిట్టు" అన్నాను. "నాకంటే పనిమంతురాలు ఆవిడ."